ప్రింటర్ ఏ భాష మాట్లాడుతుంది?

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం “లినక్స్‌లో ప్రింటర్ పెట్టుకోవడం ఎలా”. నేను ఇంజినీరును కాను, కాలేజీ గేటు ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుతాను. షాపులో రెండు కంప్యూటర్లు, రెండింటిలోనూ విండోస్ బదులు లినక్స్ మింట్. రోజంతా హాల్ టికెట్లు, ఆధార్ కాపీలు, ప్రాజెక్ట్ రికార్డులు. ప్రింటు రాకపోతే ఆ రోజు బోణీ ఉండదు. కాబట్టి ఇవాళ నేను చెప్పేదంతా గల్లాపెట్టె పక్కన కూర్చుని నేర్చుకున్నదే.

షాపులో జరిగినది ఒకటి ముందు చెబుతాను. డిగ్రీ పరీక్షల మొదటిరోజు, ఉదయం ఎనిమిదిన్నర. ఒక పెద్దాయన కూతురి హాల్ టికెట్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. ప్రింట్ నొక్కాను, రాలేదు. మళ్లీ నొక్కాను. ఆయన గోడ గడియారం వైపు చూస్తున్నారు, అమ్మాయి బయట స్కూటర్ దగ్గర నిలబడి ఉంది. ఆ టెన్షన్‌లో ఎన్నిసార్లు నొక్కానో లెక్క లేదు. చివరికి బల్ల కిందికి వంగి చూస్తే యూఎస్‌బీ కేబుల్ ఊడి వేలాడుతోంది. పొద్దున ఊడ్చేటప్పుడు చీపురు తగిలినట్టుంది. గుచ్చాను. అయినా కదలదే! క్యూ తెరిచి చూస్తే ప్రింటర్ పేరు పక్కన పాజ్ గుర్తు. దాన్ని తీసేశాను. ఇక చూడండి, హాల్ టికెట్లు వరసగా తొమ్మిది వచ్చాయి. పెద్దాయన ఒకటి మడిచి జేబులో పెట్టుకుని, మిగతా ఎనిమిదీ చూసి, “ఇవి కూడా నా లెక్కలోనేనా బాబూ?” అన్నారు.

మనం ప్రింట్ నొక్కితే అది నేరుగా ప్రింటర్‌కి పోదు. మధ్యలో ఒక గుమాస్తా ఉంటాడు. లినక్స్‌లో ఆ గుమాస్తా పేరు కప్స్. మనం ఇచ్చిన కాగితాలన్నీ వరసలో పెట్టి, ప్రింటర్‌కి అర్థమయ్యే భాషలోకి మార్చి, ఒక్కొక్కటిగా పంపుతాడు. ప్రింటర్ పలకకపోతే కొన్ని సెట్టింగుల్లో క్యూ మొత్తం ఆపేసి కూర్చుంటాడు. కేబుల్ మళ్లీ పెట్టినంత మాత్రాన లేవడు, మనం చెప్పాలి. అందుకే ప్రింటు రానప్పుడు రెండోసారి నొక్కకండి. టెర్మినల్, అంటే కమాండ్లు టైపు చేసే నల్ల కిటికీ, తెరిచి ఎల్‌పీస్టాట్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, మైనస్ టీ కొట్టండి. ఏ ప్రింటర్ ఆగి ఉంది, వరసలో ఎన్ని ఉన్నాయి, అన్నీ కనిపిస్తాయి. వరస మొత్తం తుడిచేయాలంటే క్యాన్సిల్, స్పేస్, మైనస్ ఏ. టెర్మినల్ అంటే భయం ఉన్నవాళ్లు బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని రాసి, కోలన్ పెట్టి, 631 అని కొట్టినా చాలు, గుమాస్తా తన చిట్టా మొత్తం అక్కడ పరుస్తాడు.

ఈ కప్స్‌ని మైకేల్ స్వీట్ అనే ఆయన 1997లో రాయడం మొదలుపెట్టారు. 1999లో బయటికొచ్చింది. 2002లో ఆపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలోకి దాన్నే తీసుకుంది, 2007లో ఆ కోడ్‌నే కొనేసి ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకుంది. ఆయన 2019 చివర్లో ఆపిల్ నుంచి బయటికొచ్చారు. ఇప్పుడు లినక్స్ వైపు కప్స్ పని ఓపెన్‌ప్రింటింగ్ అనే బృందం చూసుకుంటోంది. ఈ చరిత్ర మనకెందుకు అంటారేమో. అవసరం ఉంది, కాసేపట్లో వస్తాను.

నా దగ్గరికి వచ్చేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, “అన్నా, దీనికి లినక్స్ డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది?” అని. ఆ ప్రశ్నే తప్పంటాను. ప్రింటర్ పెట్టెలో సీడీ వచ్చే రోజుల అలవాటు అది. అడగాల్సింది, ఆ ప్రింటర్ ఏ భాష మాట్లాడుతుంది అని.

డ్రైవర్ అంటే దుబాసీ. ప్రింటర్ భాష కంపెనీకి మాత్రమే తెలిస్తే, దుబాసీని కూడా కంపెనీయే పంపాలి. పంపకపోతే అంతే సంగతులు. ఈ తంటా ఇవాళ్టిది కాదు. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎమ్‌ఐటీ అనే యూనివర్సిటీ ల్యాబ్‌కి ఒక లేజర్ ప్రింటర్ వచ్చింది. మనం ఫొటోకాపీకే పేరుగా వాడేసుకున్న జిరాక్స్ కంపెనీది. కాగితం ఇరుక్కుంటే వేరే గదిలో కూర్చున్నవాళ్లకి తెలిసేది కాదు. పాత ప్రింటర్‌కైతే ఆ ల్యాబ్‌లోనే పనిచేసే రిచర్డ్ స్టాల్మన్ ప్రోగ్రాం మార్చి, కాగితం ఇరుక్కోగానే అందరికీ కబురు వెళ్లేలా చేశారు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం అసలు రాత, ఇచ్చేది లేదన్నారు. ఆ కోపంతో మొదలైన ఆలోచనే 1983లో ఎవరైనా చూసి మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్ కోసం ఆయన పెట్టిన గ్నూ ప్రాజెక్టు దాకా వెళ్లింది. ఈ షాపు నడిపేవాడిగా నాకు ఆ కోపం బాగా అర్థమవుతుంది.

ఇప్పుడు చరిత్రకి వస్తాను. 2010లో ఐఫోన్‌లో ఎయిర్‌ప్రింట్ వచ్చింది, అంటే ఫోన్ నుంచే వైఫై మీద ప్రింట్ ఇచ్చే సదుపాయం. ఫోన్‌లో ఒక్కో ప్రింటర్‌కీ ఒక్కో డ్రైవర్ పెట్టడం కుదిరే పని కాదు. అందుకని ఆపిల్ ఏం చేసిందంటే, ప్రింటరే ఒక ఉమ్మడి భాష మాట్లాడాలంది. ఆ భాష పేరు ఐపీపీ. దాని అసలు నియమాలు 1999 నాటివే. ఫోన్లకి ప్రింట్ అవ్వాలని కంపెనీలన్నీ ఆ భాష నేర్చుకున్నాయి. 2013లో ఐపీపీ ఎవ్రీవేర్ అనే ప్రమాణం కూడా వచ్చింది. కప్స్‌కి ఆ భాష ముందునుంచే వచ్చు. అలా ఐఫోన్ వాళ్ల కోసం వేసిన రోడ్డు మీద లినక్స్ వాళ్లం హాయిగా సైకిల్ తొక్కుతున్నాం.

కాబట్టి కొత్త ప్రింటర్ కొనేవాళ్లు పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ అని ఉందో లేదో చూడండి, మీకు ఐఫోన్ లేకపోయినా సరే. ఉంటే, దాన్ని ఇంటి వైఫైలో కలపండి, సెట్టింగుల్లో ప్రింటర్ల పేజీ తెరవండి. చాలాసార్లు అప్పటికే అక్కడ పేరు కనిపిస్తుంది, మీరు చేసే పనేమీ ఉండదు. కనిపించకపోతే ప్రింటర్‌ని పొరపాటున గెస్ట్ వైఫైలో పెట్టారేమో చూడండి. గెస్ట్ నెట్‌వర్క్‌లో చాలా రౌటర్లు ఒకరినొకరు చూసుకోనివ్వవు. యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టినా ఐపీపీ-యూఎస్‌బీ అనే చిన్న ప్రోగ్రాం ఆ కేబుల్ మీదే ఇదంతా నడుపుతుంది. డెబియన్ అనే లినక్స్‌లో 11వ వెర్షన్ నుంచి ఇది కప్స్‌తో పాటే వస్తోంది.

పాతవి ఉన్నవాళ్ల సంగతి వేరు. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే రెండింటి గురించి చెబుతాను. హెచ్‌పీ 1020: దీన్ని లోపలి నుంచి నడిపే ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్, దానిలో నిలవదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ పంపాలి. హెచ్‌పీలిప్ అనే ప్యాకేజీ, దానికి ప్లగిన్ అనే ఒక అదనపు ముక్క వేస్తే ఆ పని అదే చూసుకుంటుంది. కానీ సిస్టం అప్‌గ్రేడ్ చేశాక ప్లగిన్ పాతదై ప్రింటు ఆగిపోవచ్చు. అప్పుడు హెచ్‌పీ-ప్లగిన్ అనే కమాండ్ మళ్లీ నడపాలి. రెండోది కేనన్ 2900. యంత్రం మొండిది, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కానీ దాని భాష క్యాప్ట్ అని, కేనన్ సొంతం. ఔత్సాహికులు ఆ భాషని గమనించి గమనించి క్యాప్ట్‌డ్రైవర్ అని రాశారు. పడుతుంది, కానీ ఓపిక కావాలి. చేతిలో ఒక ఆదివారం ఉంటేనే మొదలుపెట్టండి. ఎప్సన్ ఎల్ సిరీస్ ఇంకు ట్యాంకు ప్రింటర్లకి ఈఎస్‌సీపీఆర్ అనే డ్రైవర్ లినక్స్ ప్యాకేజీల్లోనే దొరుకుతుంది, పేచీ లేదు.

ఇక కాగితం. దీని గురించి ఎవరూ చెప్పరు, కానీ నా దగ్గరికొచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు దీనివే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు భాష అమెరికా ఇంగ్లీషు ఎంచుకుంటే, కాగితం కూడా అమెరికాదే అనుకుంటుంది. వాళ్ల లెటర్ కాగితం 279 మిల్లీమీటర్ల పొడవు. మన ఏ4 297. పద్దెనిమిది మిల్లీమీటర్లు తేడా. దరఖాస్తు కింద సంతకం గీత ఎగిరిపోయేది ఆ పద్దెనిమిదిలోనే. కొన్ని ప్రింటర్లయితే ట్రేలో కాగితం ఉన్నా లైటు మినుకుమినుకుమంటూ లెటర్ కాగితం కోసం ఎదురుచూస్తాయి. ఇండియా ఇంగ్లీషు గానీ తెలుగు గానీ ఎంచుకోండి. ఇప్పటికే అయిపోయిందంటే ప్రింటర్ ప్రాపర్టీస్‌లో ఏ4 పెట్టి, మీరు వాడే ప్రోగ్రాంలో కూడా ఒకసారి చూసుకోండి. రెండుచోట్లా మార్చాలి, ఒకచోట మారిస్తే చాలదు.

తెలుగు అక్షరాల గురించి తెలుగు మాస్టారు అడిగారు, వత్తులు విడిపోతాయా అని. చవక ప్రింటర్లకి తెలుగు రాదు, ఆ మాటకొస్తే ఇంగ్లీషూ రాదు. వాటికి పోయేది పేజీ బొమ్మే. అక్షరాలు కలిపే పని అంతా కంప్యూటర్‌లోనే అయిపోతుంది. లిబ్రేఆఫీస్‌లో తెర మీద క్షకారం, వత్తులు సరిగా ఉంటే కాగితం మీదా సరిగానే వస్తాయి. తేడా వచ్చేది ఇంకొకరి ఫైలు తెరిచినప్పుడు. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పాత ఫైలు పట్టుకొస్తారు, ఆ ఫాంటు మన దగ్గర ఉండదు, తెర మీద ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. ఫాంట్లు లోపల పెట్టి పీడీఎఫ్ చేసి పంపమనండి, గొడవ ఉండదు. నేను షాపు గోడ మీద కూడా అదే రాసి పెట్టాను: “పీడీఎఫ్ తెండి.” ఎవరూ చదవరనుకోండి.

స్కూల్లో ప్రింటర్ని అందరికీ పంచేవాళ్లకి ఒక్క జాగ్రత్త. 2024 సెప్టెంబరులో నెట్‌వర్క్‌లో ప్రింటర్లు వెతికే కప్స్-బ్రౌజ్డ్ అనే సహాయక ప్రోగ్రాంలో పెద్ద లోపాలు బయటపడ్డాయి. అప్‌డేట్లు వచ్చాయి, వేసుకోండి. 631 పోర్టు, అంటే ఇందాక బ్రౌజర్‌లో కొట్టమన్న నంబరు తలుపు, ఇంటర్నెట్ వైపు తెరిచి ఉండకూడదు.

సరే, మాటలు చాలు. సైన్సు మాస్టారు ఇంటి నుంచి ప్రింటర్ మోసుకొచ్చారు. నేను దీన్ని ముందెప్పుడూ చూడలేదు, పడకపోతే మీ ముందే పడదు. కేబుల్ పెట్టాను. తెర మీద చూడండి, పేరు వచ్చింది. వెనక ఉన్నవాళ్లు కొంచెం ముందుకు రండి. టెస్ట్ పేజీ ఒక్కసారే నొక్కుతున్నాను... మాస్టారూ, ట్రేలో కాగితం పెట్టారా?