ఒక్క పెంకుతో కుండ మూతి కొలవొచ్చు, పిల్లలతో చేయించండి

[తెర మీద: అరచేతిలో పెంకు. బయట ఎరుపు, లోపల నలుపు.]

"పిల్లల్ని ఇంత దూరం తీసుకొచ్చాం, ఈ పగిలిన పెంకులెందుకండీ, నిండు కుండ చూపించండి." పురావస్తు మ్యూజియంలో మళ్లీ మళ్లీ వినిపించే మాట ఇది. విన్నప్పుడల్లా బాధేస్తుంది. అద్దం వెనక నిండు కుండ ముందు పిల్లవాడు ఎంతసేపు నిలబడతాడు? కింద "కుండ" అని చదివి పక్కకెళ్లిపోతాడు. వాడు చేయడానికి అక్కడ పనేమీ లేదు. అదే పెంకు చేతికిచ్చి చూడండి. ఇది ఏ పాత్రది? ఎంత పెద్దది? పొయ్యెక్కిందా? జవాబు వాడే వెతుక్కోవాలి.

ఇంట్లో గాజు పగిలిందనుకోండి. ఒక్క ముక్క దొరికినా అది చంటిదానిదా, రెండు-నాలుగా, రెండు-ఎనిమిదా అన్నది అమ్మ చెప్పేస్తుంది. గాజంతా అక్కర్లేదు, వంపు చాలు. కుండ అంచు కూడా పెద్ద గాజు లాంటిదే. తవ్వకాల్లో దొరికే శంఖు గాజుల ముక్కల్నీ ఇలాగే కొలుస్తారు.

[దగ్గరగా: తెల్ల కాగితం మీద పెంకు]

ముందు అంచు పెంకు ఎంచుకోండి. పొట్ట పెంకు దీనికి పనికిరాదు. అంచును కిందికి పెట్టి కాగితం మీద నిలబెట్టండి. అటూ ఇటూ వంచుతూ, అంచు కింద వెలుతురు కనబడనంతగా ఆనించండి. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పెంకు కాస్త వాలినా వంపు మారిపోతుంది. కుదురుగా నిలిచాక సన్నగా చెక్కిన పెన్సిల్‌తో బయటి వంపు గీయాలి. వంపు రెండు చివరల్నీ స్కేలుతో కలపండి. ఆ గీత మధ్య నుంచి వంపు దాకా ఎత్తు కొలవండి.

లెక్క సులువే. గీతలో సగాన్ని దానితోనే గుణించి, ఎత్తుతో భాగించి, ఎత్తు కలపాలి. మన గీత 8 సెంటీమీటర్లు, ఎత్తు 1 సెంటీమీటరు. 4 నాలుగులు 16. ఒకటితో భాగిస్తే 16, ఒకటి కలిపితే 17. కుండ మూతి వ్యాసం 17 సెంటీమీటర్లు. చేతిలో ఉన్నది అంచులో ఆరో వంతే!

ఎత్తు ఒక్క మిల్లీమీటరు తక్కువ చదివితే? 18.7 వస్తుంది. పర్వాలేదు. కానీ అదే కుండ అంచు 4 సెంటీమీటర్ల ముక్కే ఉంటే ఎత్తు 2.4 మిల్లీమీటర్లు. అక్కడ ఒక్క మిల్లీమీటరు తగ్గితే జవాబు 28 దాటిపోతుంది! మళ్లీ గాజు దగ్గరికే రండి. గోరంత ముక్క చూసి సైజు చెప్పమంటే అమ్మ కూడా చెప్పలేదు. అందుకే ట్రేలో పెద్ద అంచు ముక్కలే పెట్టండి. ఒకే పెంకును ఇద్దరు పిల్లలు విడివిడిగా కొలవాలి. ఇద్దరికీ వేర్వేరు జవాబులొస్తే చెరిపించకండి, ఎందుకొచ్చిందో వాళ్లనే వెతకమనండి. నాకు ఈ పనంతటిలో అన్నిటికన్నా విలువైనది ఆ వెతుకులాటే.

[దగ్గరగా: పెంకు విరిగిన వైపు]

ఇప్పుడు రంగు. తెలుగు ఊళ్లలో రాక్షసగుళ్లు అంటారే, ఆ బృహత్ శిలా సమాధుల్లో ఈ ఎరుపు-నలుపు కుండలు దొరుకుతాయి. లోపలి నలుపు చూడగానే పిల్లలు "వంట మసి" అంటారు. తొందరపడి కాదనకండి, విరిగిన వైపు చూపించండి. మసి అయితే పైపైనే అంటుకుంటుంది, అదీ బయట, అడుగున. ఇక్కడ నలుపు మట్టి మందంలోకి దిగింది. కుమ్మరి వాములో కుండను బోర్లించి కాల్చడం వల్ల ఇలా వచ్చిందని ఎక్కువమంది పరిశోధకుల వివరణ. గాలి తగిలిన బయటివైపు మట్టిలోని ఇనుము ఎర్రబడింది. మూతి కింద గాలి ఆడని చోట నల్లబడింది. లోపల సన్నటి అడ్డగీతలు వరసగా ఉంటే కుమ్మరి సారె తిరిగిన గుర్తు. వేలితో తడమనివ్వండి, కానీ రుద్దనివ్వకండి. ఉంగరాలు ముందే తీయించండి.

తర్వాత బొమ్మ, కథ. ఒక్కొక్కరికి రెండు పెన్సిళ్లు: కళ్లతో చూసింది నల్లదానితో, ఊహించింది నీలంతో. మూతి వెడల్పు నలుపు, పొట్ట ఆకారం నీలం. కథలోనూ అంతే. ఊహకు అడ్డు చెప్పొద్దు, దాని రంగు మాత్రం మారకూడదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. అతికించే ఆట అసలు పెంకులతో ఎప్పుడూ వద్దు. బజార్లో కొత్త ముంతలు కొనండి. ఒక్కోదాన్నీ గుడ్డలో చుట్టి మెల్లగా ఒక్క దెబ్బ కొట్టండి, గట్టిగా కొడితే రవ్వలైపోతుంది. ముందు మాస్కింగ్ టేపుతో అన్నీ అమర్చి చూశాకే ఫెవికాల్. అడుగు నుంచి మొదలుపెట్టి, ఆరేదాకా పొడి ఇసుకలో నిలబెట్టండి. మొదటి అతుకు వెంట్రుకవాసి తప్పినా చివరి ముక్క పట్టదు.

చేల్లోనో దిబ్బల మీదో పెంకులు కనిపిస్తే ఏరి తేవద్దు, ఉన్నచోటే ఫొటో తీసి పురావస్తు శాఖకు చెప్పండి.

అసలు పెంకుల వెనక సిరాతో చిన్న నంబరుంటుంది. అది ఏ గుంతలో, ఏ పొరలో దొరికిందో చెప్పే చిరునామా. నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వారు. ఇప్పుడా లోయ సాగర్ నీళ్ల కింద ఉంది, పొరను మళ్లీ చూసి రాలేం. పిల్లలు లేచే ముందే పెంకులు లెక్కపెట్టి, నంబర్లు జాబితాతో సరిచూడండి.

[తెర మీద: వలయాల కాగితం]

లెక్క రాని చిన్నపిల్లలకు, ఒకదానిలో ఒకటిగా వలయాలు గీసి ఒక్కోదాని మీద వ్యాసం రాసిన ఈ కాగితం మీద పెంకు నిలబెట్టి, ఏ వలయంతో వంపు కలుస్తుందో చూడమంటే చాలు. ప్రింట్ తీసేటప్పుడు మాత్రం 'ఫిట్ టు పేజ్' తీసేసి నూరు శాతం పెట్టండి, స్కేలుతో ఒక వలయం కొలిచి చూడండి. లేకపోతే వలయాలు కుంచించుకుపోయి, ప్రతి కుండా ఉన్నదానికన్నా పెద్దదిగా వస్తుంది.