ఇంట్లో ఫోటో ప్రింట్: మీ ఫోన్, మా సలహా

యాంకర్: హలో, ఎక్కడి నుంచి అన్నా?

కాలర్: కావలి నుంచమ్మా. మైపాడు బీచ్‌లో తీసుకున్న ఫ్యామిలీ ఫోటో మా ఇంక్‌జెట్‌లో ఏ4 సైజు వేస్తే మొహాలు మసగ్గా వచ్చాయి. ప్రింటర్ డబ్బా మీద 5760 డీపీఐ అని ఉంది మరి!

నిపుణుడు: అది ప్రింటర్ అంగుళానికి చల్లే ఇంకు చుక్కల లెక్క. ఒక్క పిక్సెల్, అంటే ఫోటోలోని ఒక చిన్న రంగు గడి, రంగు రావాలంటేనే చాలా చుక్కలు కలవాలి. మీరు చూసుకోవాల్సింది ఫోటోలో ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయన్నది. ఇంతకీ ఫోటో తీసిందెవరు?

కాలర్: మా బామ్మర్ది సార్. వాట్సాప్‌లో పంపాడు.

నిపుణుడు: అనుకున్నా! వాట్సాప్ ఫోటోని కుదించి పంపుతుంది. ఫోటో డీటెయిల్స్‌లో సైజు చూసి చెప్పండి.

కాలర్: 1200, 1600 సార్.

నిపుణుడు: ఏ4 పొడవు 11.7 అంగుళాలు. 1600ని దాంతో భాగిస్తే అంగుళానికి 137 పిక్సెల్సే. చేత్తో పట్టుకుని చూసే ఫోటోకి 300 ఉండాలి, 200 వరకూ సర్దుకోవచ్చు.

కాలర్: మా వాడు కంప్యూటర్‌లో 300 అని మార్చి చూశాడు సార్. అయినా అంతే.

నిపుణుడు: అంతే ఉంటుంది. ఫైల్‌లో లేని వివరం అంకె మారిస్తే రాదు కదా. అసలు ఫోటోని డాక్యుమెంట్‌గా పంపమనండి, కుదించకుండా వస్తుంది. 12 మెగాపిక్సెల్ కెమెరా అయితే 3000, 4000 పిక్సెల్స్ ఉంటుంది. ఏ4కి దివ్యంగా సరిపోతుంది. గోడకి 12x18 అంగుళాలు వేయించినా అంగుళానికి 220 పైనే. దూరం నుంచి చూసేదానికి అది చాలు.

కాలర్: ఆయన ఫోన్‌లో డిలీట్ చేసుంటే?

నిపుణుడు: ఉన్నదాన్ని 4x6 వేసుకోండి. కాస్త కత్తిరించినా 266 వస్తుంది, బాగుంటుంది. అన్నట్టు, ప్రింటర్ సెట్టింగ్‌లో పేపర్ రకం ఏం పెట్టారు?

కాలర్: అదేం ముట్టుకోలేదు. ప్లెయిన్ అని ఉంటుంది. పేపర్ మాత్రం గ్లాసీ.

నిపుణుడు: అయ్యో, గ్లాసీ అని మార్చండి! పేపర్‌ని బట్టే ప్రింటర్ ఇంకు వదులుతుంది. మీ పిక్సెల్స్ ఎన్నున్నా ఇది తప్పితే రంగులు పాడవుతాయి.

యాంకర్: కందుకూరు నుంచి మరో కాల్. చెప్పండమ్మా.

కాలర్: మా అవ్వది పాత ఫోటో ఉందండీ, రెండు అంగుళాలు బై మూడు. స్కాన్ చేసి పెద్దది చేయాలి.

నిపుణుడు: 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 పిక్సెల్స్ వచ్చేలా స్కాన్ చేయించండి. 1200, 1800 పిక్సెల్స్ వస్తాయి, అంగుళానికి 300 లెక్కన అది సరిగ్గా 4x6. ఇంకా పెంచితే ఆ కాగితం గీతలూ మరకలే పెద్దవవుతాయి.

కాలర్: 4x6 అయినా ఫర్వాలేదు సార్, ఫ్రేమ్ కట్టించుకుంటాం.