పిట్‌లో పుట్టిన యూనియన్

శ్రోతలకు నమస్కారం. ఇవాళ ఒక గుంట గురించి మాట్లాడతాను. నవ్వకండి, రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్ చూసినవాళ్లకు ఆ గుంట తెలుసు. పట్టాల మధ్య మనిషి దిగేంత లోతున ఉంటుంది, ఇంజిన్ దాని మీదికొచ్చి ఆగితే ఫిట్టర్ కిందికి దిగి, మెడ పైకెత్తి పని చేస్తాడు. షెడ్‌లో దాన్ని పిట్ అంటారు. చిన్నప్పుడు కాజీపేటలో మా మేనమామ ఆ పిట్‌లోంచి తల బయటపెట్టి నన్ను పిలిస్తే, మామయ్య నేలలోంచి మొలిచాడనుకునేదాన్ని.

1888 మే 5న అమెరికాలో, అట్లాంటా ఊళ్లో, అలాంటి పిట్‌లోనే 19 మంది రైల్వే మెషినిస్టులు చాటుగా కలుసుకున్నారు. చాటుగా ఎందుకంటే, యూనియన్ అన్న మాట యజమాని చెవిన పడితే మర్నాడు పని ఉండదు. వాళ్లను కూడగట్టినవాడు థామస్ టాల్బట్, ఆయనా మెషినిస్టే. ఇనుమును లేత్ మీద తిప్పి, ఆకురాయితో రాకి, వెంట్రుకవాసి తేడా రాకుండా ఇంజిన్ భాగాలు చేసే చేతులవి. రోజుకు పది గంటల పని, గంటకు 20, 25 సెంట్ల కూలి.

ఆ 19 మంది యూనియన్ ఏడాది తిరిగేసరికి 40 శాఖలైంది, 1891కి 145 అయింది. శాఖను వాళ్లు లాడ్జి అంటారు, మన బస్టాండు పక్క లాడ్జి కాదులెండి. మరి రహస్య సంఘం అంత వేగంగా ఎలా పాకింది? ఇక్కడే నాకిష్టమైన మనుషులు వస్తారు. బూమర్లు. కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు ఊరూరా తిరిగే పనివాళ్లు, ఒక షెడ్‌లో కొన్నాళ్లు పని చేసి, ఫోర్‌మన్‌తో మాటా మాటా వస్తే సామాను సర్దుకుని ఇంకో ఊరి రైలెక్కేసేవాళ్లు. ఇంట్లోవాళ్లు నిలకడ లేని మనిషని తిట్టుకునే ఉంటారు. ఆ నిలకడ లేనివాళ్లే దిగిన ప్రతి ఊళ్లో యూనియన్ మాట చెవిలో వేశారు. రైలు కంపెనీ వేసిన పట్టాల మీదే కంపెనీకి నచ్చని యూనియన్ ప్రయాణం చేసింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, దాస్తే తప్పు. ఆ లాడ్జిలో తెల్లవాళ్లకే చోటు. 1895లో పెద్ద కార్మిక సమాఖ్యలో చేరడం కోసం ఆ నిబంధనను యూనియన్ నియమావళిలోంచి తీసేశారు, కానీ కొత్త సభ్యుణ్ణి చేర్చుకునే తంతులో మాత్రం 1948 దాకా ఉంచుకున్నారు. కాగితం మీద తీసేసి గుమ్మం దగ్గర ఉంచుకోవడం మనకూ తెలియని విద్య కాదు.

దాని ఫలితం 1922లో కనిపించింది. ఆ ఏడాది రైల్వే కూలి రేట్లు తేల్చే ప్రభుత్వ సంస్థ, రైల్వే లేబర్ బోర్డు, షాపు కార్మికుల్లో, అంటే ఇంజిన్లు, పెట్టెలు బాగుచేసేవాళ్లలో, చాలామంది కూలి గంటకు ఏడు సెంట్లు కోసింది. జూలై 1న మెషినిస్టులు, బాయిలర్ పనివాళ్లు, కమ్మరులు, ఇలా ఆరు యూనియన్ల వాళ్లు నాలుగు లక్షల మంది దాకా పనిముట్లు కింద పెట్టేశారు. రైలు నడిపేవాళ్ల యూనియన్లు కలిసి రాలేదు, వాళ్ల కూలి కోయలేదు కదా. కంపెనీలు బయటివాళ్లను పనిలోకి తెచ్చాయి, అందులో ఇన్నాళ్లూ యూనియన్ గుమ్మం తొక్కనివ్వని నల్లవాళ్లూ ఉన్నారు. వాళ్లనేం అంటాం?

సెప్టెంబరు 1న చికాగో జడ్జి విల్కర్సన్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. సమ్మెవాళ్లు పికెటింగ్, అంటే పని చోటు ముందు కాపు కాసి లోపలికి పోయేవాళ్లను ఆపడం, చేయకూడదు, సరే. ఉత్తరం రాసి గానీ, టెలిగ్రాం ఇచ్చి గానీ, ఫోన్‌లో గానీ, నోటి మాటగా గానీ పనిలోకి వెళ్లొద్దని ఎవరికీ నచ్చచెప్పకూడదు. నోటి మాటగా కూడా! మైకు ముందు కూర్చుని ఈ ముక్క చదువుతుంటే నాకు గొంతు పట్టేసినట్టుంది.

టైమైపోతోంది, ఒక్క మాట చెప్పి ముగిస్తాను. సీనియారిటీ. ఉద్యోగం చేసే ప్రతి ఇంట్లో తెలిసిన మాటే. పగటి షిఫ్టు ఎవరికి, పని తగ్గితే ముందు ఇంటికి పోయేదెవరు, అన్నీ ఎవరు ముందు చేరారన్న ఆ లిస్టును బట్టే. సమ్మె చివరికి కూలి మీద కంటే ఈ లిస్టు మీదే బిగుసుకుంది. బాల్టిమోర్ అండ్ ఒహాయో లాంటి కొన్ని రైలు కంపెనీలు పాతవాళ్లను పాత పనుల్లోకే తీసుకుంటాం, సీనియారిటీ తగవులు కమిటీకి వదులుదాం అని ఆ సెప్టెంబరులోనే రాజీకొచ్చాయి. పెన్సిల్వేనియా రైలు కంపెనీ లాంటివి ససేమిరా అన్నాయి. అలాంటి చోట, ఇరవై ఏళ్లు అదే పిట్‌లో దిగి పని చేసినవాడు తిరిగొస్తే కొత్తవాడి కిందే లెక్క, జూలైలో చేరిన కుర్రాడి పేరు కింద తన పేరు రాయించుకోవాలి.