రాత్రి అన్నం మానేశారు సరే, పొద్దున షుగర్ ఎవరు పోశారు?

నమస్తే అండీ. గత వీడియో కింద తిట్లన్నీ చదివాను. "రాత్రి అన్నం మానేసి చపాతీ తిన్నంత మాత్రాన ఫాస్టింగ్ షుగర్ (పొద్దున ఖాళీ కడుపుతో చూసే షుగర్) దిగిపోదు" అన్నాను, అంతే! బెజవాడలో సినిమా హీరోని అన్నా వదిలేస్తారేమో గానీ, రాత్రి చపాతీని అంటే వదలరని అర్థమైంది.

పొద్దున్నే సూర్యారావుపేటలో ఏ ల్యాబ్ ముందైనా నిలబడండి. "ఒక్క పుల్కానే తిన్నానండీ, 160 వచ్చింది, మిషన్ తేడాగా ఉంది" అంటూ ఎవరో ఒకరు గొడవపడుతుంటారు. మిషన్ బానే ఉందండీ. ఆ షుగర్ వండింది మీ లివర్!

మీరు పడుకున్నా మెదడు పడుకోదు. అదొక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ లాగేస్తుంది. ఎర్ర రక్తకణాలకైతే గ్లూకోజ్ తప్ప వేరే తిండే లేదు. లివర్‌లో దాచిన గ్లైకోజెన్, అంటే గ్లూకోజ్ నిల్వ, చూస్తే దాదాపు 100 గ్రాములు. అందుకే రాత్రంతా లివర్ కొత్త గ్లూకోజ్ తయారు చేస్తూనే ఉంటుంది. కండరాలు వదిలిన లాక్టేట్, కండలోంచి వచ్చే అమైనో ఆమ్లాలు, కొవ్వు విరిగితే వచ్చే గ్లిజరాల్... ఏది దొరికితే అది. దీన్నే గ్లూకోనియోజెనిసిస్ అంటారు. తెల్లారేసరికి రక్తంలో చేరే గ్లూకోజ్‌లో దాదాపు సగం ఇలా వచ్చిందే. ఇందులో మీ పుల్కా ఎక్కడుంది చెప్పండి?

ఇదేమీ ఉత్తినే జరగదు. లాక్టేట్‌తో చేస్తే ఒక్క గ్లూకోజ్ అణువుకి ఆరు ఏటీపీల శక్తి ఖర్చు. ఏటీపీ అంటే మన కణాలు ఖర్చుపెట్టే శక్తి నాణెం అనుకోండి. ఆ పేరు ఎత్తితే గుర్తొచ్చింది, 1929లో దాన్ని గుర్తించినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. హీరోల పుట్టినరోజులకి బెంజి సర్కిల్ నిండా ఫ్లెక్సీలు కడతారు, ఆయనకి ఒక్కటి కట్టారా? సరే, వదిలేయండి, నాకు బీపీ పెరుగుతుంది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇన్సులిన్ "చాలు" అనగానే లివర్ తగ్గిస్తుంది. టైప్ 2 షుగర్ జబ్బులో ఆ మాట సరిగ్గా వినదు. పైగా తెల్లవారుజామున కార్టిసోల్ అనే హార్మోన్ పెరిగి, ఇంకా చేయమని ఎగదోస్తుంది. షుగర్‌కి మీరు మింగే మెట్‌ఫార్మిన్ మాత్ర ముఖ్యంగా చేసేది ఈ తయారీని తగ్గించడమే. నా వీడియో చూసి అది మానేశారంటే నేను ఊరుకోను.

ఇక అన్నం, చపాతీ అన్నీ మానేసి కొబ్బరి నూనె తాగే బ్యాచ్! "పిండి పదార్థం ఆపేస్తే గ్లూకోజే ఉండదు" అంటున్నారు. షుగర్ తగ్గొచ్చు, కాదనను. కానీ గ్లూకోజ్ లేకుండా పోదు, లివర్ పోనివ్వదు. నూనెలో ఉండే చిన్న గ్లిజరాల్ ముక్క తప్ప, ఫ్యాటీ ఆసిడ్లను మన ఒంట్లో గ్లూకోజ్‌గా మార్చే దారి దాదాపు లేదు. మిగతాది ఎక్కడినుంచి తెస్తుంది? ప్రొటీన్ సరిపడా తినకపోతే మీ తొడ కండ కరిగించి తెస్తుంది!

ఇప్పుడు నా థియరీ. ఫాస్టింగ్ ఎక్కువ రాగానే "రాత్రి ఏం తిన్నావ్?" అని అడగడం ఆపండి. "ఎన్నింటికి పడుకున్నావ్?" అని అడగండి. అర్ధరాత్రి దాకా ఫోను, షాపు లెక్కలు, చిట్టీల టెన్షన్... నిద్ర చెడితే లివర్‌కి ఇన్సులిన్ మాట ఇంకా వినపడదు. చపాతీకి మారి ఫాస్టింగ్ తగ్గినవాళ్లు రిపోర్టుతో కామెంట్లలోకి రండి. తిట్టేవాళ్లూ రండి. రాత్రి ఎన్నింటికి నిద్రపోయారో ముందు రాసి, తర్వాత తిట్టండి.