కంటికి తెలిసిన మాట చెవికి ఎందుకు అందదు?

హోస్ట్: నమస్కారం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎనిమిది, తొమ్మిది, పది చదువుతున్న పిల్లల కోసం, వాళ్ళ అమ్మానాన్నల కోసం ఈ ఎపిసోడ్. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, నేరుగా అడిగేస్తాను. పాఠం చేతిలో ఉంటే అర్థమవుతుంది. అదే పాఠం ఫోన్లో వినిపిస్తే ఒక్క ముక్క తలకెక్కదు. ఏంది కారణం?

మేడమ్: మాటని కంటితో నేర్చుకున్నారు, చెవితో నేర్చుకోలేదు. వెజిటబుల్ అనే మాట తీసుకోండి. మనం వె, జి, ట, బుల్ అని అన్నీ పలుకుతాం. ఇంగ్లీషు వాళ్ళ నోట్లో అది వెజ్టబుల్. మధ్యలో ఇకారం ఎగిరిపోతుంది. మన కంఫర్టబుల్ చాలామంది నోట కంఫ్టబుల్ అయిపోతుంది. పిల్లవాడికి ఆ మాట తెలుసు, కానీ ఆ రూపంలో ఎప్పుడూ వినలేదు. తెలుగులో ప్రతి అచ్చుకీ దాని విలువ దానికి ఇస్తాం. ఇంగ్లీషులో బరువు పడినచోటే అచ్చు నిండుగా ఉంటది, మిగతావి నలిగిపోతాయి.

హోస్ట్: మరి "వాళ్ళు స్పీడుగా మాట్లాడతారు" అంటారే అందరూ?

మేడమ్: స్పీడు కొంతవరకే. అసలు చిక్కు సంధి దగ్గర ఉంది. మనం "ఏమి అయింది" అంటామా? "ఏమైంది" అంటాం. "ఎక్కడ ఉన్నాడు" అనం, "ఎక్కడున్నాడు" అంటాం. కొత్తగా తెలుగు నేర్చుకునేవాళ్ళకి అందులో "ఉన్నాడు" దొరకదు. ఇంగ్లీషులోనూ అంతే. టర్న్, ఇట్, ఆఫ్ అని పుస్తకంలో మూడు మాటలు. నోట్లో ఒకటే: టర్నిటాఫ్. నాట్ ఎట్ ఆల్ అనేది నాటెటాల్. టెల్ హిమ్ అనేది టెలిమ్, హకారం పోయింది. మూడూ రెండో తరగతి మాటలే. అయినా పదో తరగతి పిల్లలు కూడా వాటి దగ్గర ఆగిపోతారు.

హోస్ట్: అర్థమే తిరగబడే చోట్లు కూడా ఉంటాయి కదా?

మేడమ్: ఉంటాయి, అవి ముందు నేర్చుకోవాలి. ఐ కెన్ కమ్, ఐ కాంట్ కమ్. ఈ రెంటికీ తేడా చివర టకారంలో ఉందనుకుని దానికోసం చెవి పెడతారు. అది పక్కనున్న కకారంలో కలిసిపోయి సరిగా వినపడదు. అచ్చు వినాలి. కెన్ నలిగిపోయి "ఐ క్న్ కమ్" అని వస్తుంది. కాంట్ మీద బరువు పడుతుంది, అచ్చు నిండుగా ఉంటుంది. నలిగితే "రాగలను", నిండుగా ఉంటే "రాలేను". అంకెల్లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ కూడా ఇంతే. మాట విడిగానో వాక్యం చివరో వచ్చినప్పుడు ఫిఫ్టీన్‌లో బరువు రెండో సగం మీద, ఫిఫ్టీలో మొదటి సగం మీద. ఫిఫ్టీన్ మెన్ అన్నట్టు వెనక ఇంకో మాట ఉంటే మాత్రం బరువు ముందుకి జరగొచ్చు. అప్పుడు చివర నకారం ఉందా లేదా అని చూడాలి.

హోస్ట్: సరే, ఇంట్లో కూర్చుని ఎట్టా సాధన చేయాలి? లెక్కతో సహా చెప్పండి.

మేడమ్: ఒక్క నిమిషం ఆడియో, ఇరవై నిమిషాల పని. అంతకంటే పెద్దది వద్దు. దానికి రాతప్రతి ఉండి తీరాలి. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్‌లో ఆరు నిమిషాల ఎపిసోడ్లు ఉన్నాయి, ఆడియోతో పాటు రాతప్రతి కూడా ఉచితంగా పెడతారు. ఎనిమిదో తరగతి పిల్లలకి అది కాస్త బరువే. అందుకే మొదటి నిమిషమే తీసుకోండి.

మొదటిసారి పెన్ను పట్టుకోకుండా వినాలి. ఎవరు మాట్లాడుతున్నారు, దేని గురించి, ఏమంటున్నారు? మూడింటికీ జవాబు తెలుగులోనే చెప్పొచ్చు. ఇక్కడ చూసేది వినికిడి, మాట్లాడే ఇంగ్లీషు కాదు. రెండోసారి, గట్టిగా వినిపించిన మాటలు మాత్రం వరసగా రాసుకోవాలి. ఓ పది, పదిహేను వస్తాయి. ఆ తర్వాత అసలు పని. నాలుగే నాలుగు వాక్యాలు ఎంచుకుని ఉక్తలేఖనంలాగా రాయాలి. ఐదైదు సెకన్ల ముక్క, ఒక్కో ముక్క మూడుసార్లకి మించి వినకూడదు. వినపడని చోట గీత గీసి ముందుకెళ్ళాలి.

హోస్ట్: మూడుసార్లే ఎందుకు? పదిసార్లు వింటే రాదా?

మేడమ్: మూడుసార్లకి అందనిది పదోసారికి చాలావరకు ఊహే అవుతుంది. ఊహించి రాసింది తర్వాత రాతప్రతితో సరిపోయినా చెవి నేర్చుకుందేమీ లేదు. గీత ఉంటేనే లోపం ఎక్కడుందో కనపడుతుంది.

ఇప్పుడు రాతప్రతి తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. చాలామంది ఇక్కడ తప్పుల్ని లెక్కపెట్టి వదిలేస్తారు. లెక్క కాదు, రకం కావాలి. మాటే కొత్తదైతే మార్జిన్లో "క" అని, తెలిసిన మాటలు కలిసిపోయి ఉంటే "సం" అని, తెలిసిన మాటే వేరేగా పలికి ఉంటే "ఉ" అని రాయండి. ఆ నిమిషంలో "క"లు ఆరేడు దాటితే ఆడియో పైస్థాయిది, మార్చేయండి. "సం", "ఉ" ఎక్కువుంటే అది మీకు సరైన ఆడియో, దాన్నే పట్టుకోండి. చివర్లో రాతప్రతి చూస్తూ, ఆడియోతో పాటు గొంతు కలిపి మూడుసార్లు చదవాలి. టర్నిటాఫ్ అని మీ నోరు అంటే రేపు మీ చెవి కూడా పట్టుకుంటుంది. మర్నాడు కాగితం లేకుండా ఒక్కసారి వినండి.

హోస్ట్: స్పీడు తగ్గించుకోవచ్చా? సబ్‌టైటిల్స్ సంగతేంటి?

మేడమ్: 0.75 దాకా పర్లేదు. 0.5 కి వెళ్తే అచ్చులు సాగిపోయి, ఇంగ్లీషు లయే మారిపోతుంది. 0.75లో విన్నదాన్ని అదేరోజు మామూలు స్పీడులో వినాలి. సబ్‌టైటిల్స్ మొదటిసారి వద్దు. అవి ఉంటే మీరు చేస్తున్నది చదవడం, వినడం కాదు. యూట్యూబ్ తనంతట తాను వేసే అక్షరాల్లో తప్పులుంటాయి, ముఖ్యంగా పేర్లలో. వాటితో దిద్దుకోవద్దు. ఇంకోటి, ఫోన్ స్పీకరు కంటే ఇయర్‌ఫోన్ మేలు. స, ఫ లాంటి సన్నటి ధ్వనులు గదిలో ఫ్యాను చప్పుడుకి ముందు పోతాయి. బుక్, బుక్స్ తేడా ఆ సకారమే కదా.

హోస్ట్: ఫోన్ లేని ఇంట్లో?

మేడమ్: ఇద్దరు పిల్లలు చాలు. ఒకరు సోషల్ పుస్తకంలో ఒక పేరా మామూలుగా చదవాలి, రెండోవాళ్ళు పుస్తకం మూసి విని మూడు విషయాలు చెప్పాలి. రైల్వే స్టేషన్ కూడా మంచి చోటే. నెల్లూరులోనో ఒంగోలులోనో ప్లాట్‌ఫామ్ మీద ఉన్నప్పుడు వినండి, ఒకే ప్రకటన తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో వస్తుంది. 12711 పినాకిని ఎక్స్‌ప్రెస్ ఏ ప్లాట్‌ఫామ్ మీదికొస్తుందో తెలుగులో విన్నాక ఇంగ్లీషులో ఏం చెప్తారో ముందే తెలిసిపోతుంది. అప్పుడు చెవికి పని ఒకటే, ఏ మాట ఎట్టా పలికారో పట్టుకోవడం. రైలు నంబరు వన్, టూ, సెవెన్, వన్, వన్ అని ఒక్కో అంకె వస్తుంది. అంకెలు వినే సాధన ఇంతకంటే తేలిగ్గా ఎక్కడా దొరకదు.

హోస్ట్: ఇక చదవడం. ప్రతి మాటకీ అర్థం తెలిసినా పేరా అర్థం కాలేదంటారు పిల్లలు.

మేడమ్: నిజమే అంటారు వాళ్ళు. ఒక వాక్యం చెప్తా, రాసుకోండి. ద ఫిషర్‌మెన్ హూ లెఫ్ట్ కొత్తపట్నం బిఫోర్ డాన్ రిటర్న్డ్ విత్ ఎంప్టీ నెట్స్. కష్టమైన మాట ఒక్కటీ లేదు. పిల్లలు ఎట్టా చదువుతారంటే: జాలర్లు, ఎవరు, కొత్తపట్నం వదిలారు, తెల్లారకముందే తిరిగొచ్చారు. అయిపోయింది. తెల్లారకముందు జరిగింది బయల్దేరడం. తిరిగిరావడం ఎప్పుడో వాక్యంలో లేనే లేదు. పరీక్షలో "వాళ్ళు తెల్లారకముందు తిరిగొచ్చారు, తప్పా ఒప్పా" అని అడిగితే ఒప్పు పెట్టేస్తారు.

హోస్ట్: తప్పు ఎక్కడ జరిగినట్టు?

మేడమ్: హూ కనపడగానే "ఎవరు" అనుకోవడం దగ్గర. ఇక్కడ అది ప్రశ్న కాదు, మన "బయల్దేరిన" అనే మాటలో చివరనున్న "ఇన". తెలుగులో వర్ణన ముందొస్తుంది: తెల్లారకముందే కొత్తపట్నం నుంచి బయల్దేరిన జాలర్లు. ఇంగ్లీషులో జాలర్లు ముందు, వర్ణన వెనక. కాబట్టి పెన్సిల్ తీసుకుని ముందు క్రియలు వెతకండి. లెఫ్ట్ ఒకటి, రిటర్న్డ్ ఒకటి. హూ దగ్గర బ్రాకెట్ తెరిచి రెండో క్రియకి ముందు, అంటే డాన్ తర్వాత మూయండి. బ్రాకెట్లో ఉన్నది వదిలేసి చదవండి: ద ఫిషర్‌మెన్ రిటర్న్డ్ విత్ ఎంప్టీ నెట్స్. ఇది వెన్నెముక. తర్వాత బ్రాకెట్ తెచ్చి జాలర్లకి తగిలించండి. విచ్, దట్ వచ్చినా చాలాచోట్ల ఇదే పని. రోజుకి ఐదు వాక్యాలు ఇట్టా విప్పండి, చాలు.

హోస్ట్: ఇంకా పిల్లల్ని మోసం చేసే మాటలేమైనా?

మేడమ్: అన్‌లెస్. అన్‌లెస్ ఇట్ రెయిన్స్, ద ట్యాంక్ విల్ డ్రై అప్. ఇందులో నాట్ ఎక్కడా లేదు, అయినా అర్థం "వాన పడకపోతే చెరువు ఎండిపోతుంది". ఫ్యూ అంటే దాదాపు లేరని, ఎ ఫ్యూ అంటే కొందరున్నారని. ఇట్, దే, దిస్ కనపడినప్పుడల్లా అది వెనక దేన్ని చూపిస్తుందో బాణం గీయండి. బాణం గీయలేకపోతే పేరా అర్థం కానట్టే, వెనక్కి వెళ్ళాలి.

హోస్ట్: సాధనకి ఏం చదవాలి?

మేడమ్: కొత్తగా కొనక్కర్లేదు. మన ప్రభుత్వ బడి పిల్లల సైన్స్ పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఎదురుగా అదే ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు పేజీని నోట్‌బుక్‌తో కప్పేయండి. కప్పకపోతే కన్ను తెలుగు మీదికే పోతుంది, ఇంగ్లీషు పేజీ అట్టా మిగిలిపోతుంది. ఒక పేరా ఇంగ్లీషులో చదివి, సారాంశం ఒక్క తెలుగు వాక్యంలో రాసి, అప్పుడు నోట్‌బుక్ తీసి చూడండి. తేడా వస్తే ఏ వాక్యం దగ్గరో వెతికి బ్రాకెట్లు పెట్టండి. ఇది మాత్రం ఇంగ్లీషు టీచరు లేకుండా చేసుకోగలిగిన పని, అందుకే నాకు దీనిమీద అంత గురి.

హోస్ట్: డిక్షనరీ ఎప్పుడు తీయాలి మేడమ్?

మేడమ్: పేరా మొత్తం అయ్యాక. ఈ విషయం మీద, ఇంగ్లీషు మాటలు ఎట్టా నేర్చుకుంటారో పరిశోధించిన పాల్ నేషన్, ఆయన తోటి పరిశోధకురాలు 2000లో ఒక పరిశోధన ప్రచురించారు. కథ చదివి, ఎవరి సాయం లేకుండా బాగా అర్థం చేసుకోవాలంటే దాదాపు 98 శాతం మాటలు తెలిసుండాలని అందులో తేల్చారు. అంటే వంద మాటల్లో రెండు కొత్తవి. వందకి పది కొత్తవి ఉన్న పుస్తకం పెట్టుకుని, మాటమాటకీ డిక్షనరీ తీస్తే వాక్యం మొదలు మర్చిపోతారు. ఆ పుస్తకం ఇప్పుడు పక్కన పెట్టాలి. సరైన స్థాయి పేరాలో, మళ్ళీ మళ్ళీ వచ్చిన మాటని, లేదా ప్రశ్నలో ఉన్న మాటని మాత్రమే వెతకండి. వెతికినప్పుడు అర్థంతో పాటు ఫోన్లో స్పీకర్ బొమ్మ నొక్కి ఉచ్చారణ రెండుసార్లు వినండి.

హోస్ట్: పబ్లిక్ పరీక్ష కోసం ఒక్క మాట.

మేడమ్: పదో తరగతిలో ప్రశ్నపత్రం చదువుకోవడానికి 15 నిమిషాలు ఇస్తారు కదా, అందులో ముందు ప్రశ్నలు, తర్వాత పేరా చదవండి. ఏం వెతకాలో తెలిసి చదివినట్టవుతుంది. జవాబు దొరికాక పోయే మార్కు ఇంకోచోట పోతుంది. వై డిడ్ ద ఫార్మర్ సెల్ హిజ్ బుల్స్ అని అడిగితే, ప్రశ్నలోని సెల్ ఎత్తి జవాబులో అట్నే రాసేస్తారు. డిడ్ పోతే దాని భూతకాలం క్రియలోకి రావాలి: ద ఫార్మర్ సోల్డ్. పేరాలో రైతే మాట్లాడుతూ ఐ, మై అని ఉంటే, జవాబులో అవి హి, హిజ్ కావాలి. రాసిన ప్రతి జవాబులోనూ ఈ రెండూ వేలుపెట్టి చూసుకుని, అప్పుడు తర్వాతి ప్రశ్నకి వెళ్ళండి.