గుండ్లకమ్మలో 2222 మంది

శ్రోతలకు నమస్కారం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ గారి గురించి ఈ పూట చెప్పుకుందాం. ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొర. పుట్టింది 1836లో, న్యూయార్క్ రాష్ట్రంలో. నెల్లూరు చేరింది 1865లో, మరుసటి ఏడు ఒంగోలు. ఉన్న కాస్త సమయమూ రెండు సంగతులకే: ఒక కాలువ, ఒక ఏరు.

ముందు కాలువ. 1876 నుంచి 78 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని కరవు పీల్చేసింది. కరవు పనిగా ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. కూలి అక్కడ ఉంది. కానీ మాదిగ పల్లెలవాళ్లు వెళ్లడానికి జంకారు. వేరే కులాల మేస్త్రీల కింద తమ గతి ఏమవుతుందోనని భయం. అప్పుడు క్లౌ గారు మూడున్నర మైళ్ల కాలువను తానే కాంట్రాక్టుకు తీసుకున్నారు. వయసులో ఉండగా అమెరికాలో సర్వే పని చేసిన మనిషి, నేల కొలవడం ఆయనకు కొత్త కాదు. మేస్త్రీలుగా ఎవరిని పెట్టారు? తన బోధకుల్నే. కిటుకంతా అక్కడుంది. పగలు మట్టి పని చూసేదీ, విశ్రాంతి వేళ పక్కన కూర్చుని దేవుడి మాట చెప్పేదీ ఒకే మనిషి. ప్రయాసపడి భారం మోసేవారలారా, నా దగ్గరికి రండి అన్న వాక్యం తట్ట మోసేవాడికి వివరించాల్సిన పనేముంది!

చాలామంది బాప్తిస్మం, అంటే నీళ్లలో ముంచి క్రైస్తవంలో చేర్చుకోమని, అడిగారు. ఆయన ఇవ్వలేదు. మళ్లీ చెబుతున్నాను, ఇవ్వలేదు. కరవు సహాయం పంచుతున్నంత కాలం, పదిహేను నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు. ఆకలి రోజుల్లో కూటి కోసం వచ్చాడో, నమ్మకంతో వచ్చాడో వచ్చినవాడికే తెలియదు. ఆ నిగ్రహమే ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద పని అని నా అభిప్రాయం.

1878 జూన్‌లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి బోధకుల్ని పిలిచారు. వాళ్ల వెంట జనం వేలల్లో వచ్చేశారు. పంచడానికి ఇక డబ్బు లేదన్నారు దొర. డబ్బు అడగం, ఇదిగో చేతులకు కాయలు చూడండి, కష్టపడే బతుకుతాం అన్నారు వాళ్లు. ఆయన చెబుతుండగా భార్య ఎమ్మా రాసిన ఆయన జీవితకథలో ఈ ఘట్టం ఉంది. ఆ పుస్తకం ఆయన పోయిన నాలుగేళ్లకు, 1914లో అచ్చయింది.

ఇక ఏరు. ముందు ఊరు ఊరుగా జనాన్ని కూర్చోబెట్టారు. ఎవరి ఊళ్లవాళ్లను ఆ బోధకుడే విచారించి పేర్లు రాశాడు. తెలిసినవాడే విచారిస్తే దాపరికం సాగదు. అప్పుడు బాప్తిస్మాలు మొదలయ్యాయి. జూలై 2న 614 మంది. జూలై 3న 2222 మంది. నీళ్లలో నిలబడింది దొర కాదు, తెలుగు బోధకులు, మొత్తం ఆరుగురు. ఒకసారికి ఇద్దరే దిగేవారు. వాళ్లు అలిసిపోతే మరో ఇద్దరు. ఇద్దరికీ పంచితే తలా 1111. మధ్యాహ్నం విరామం తీసేస్తే పని జరిగింది సుమారు తొమ్మిది గంటలు. అంటే మనిషికి అర నిమిషం. పేరు పిలవడం, నీళ్లలోకి నడవడం, మాట చెప్పి ముంచడం, పైకి లేపడం, పక్కవాడికి దారివ్వడం. వరస చెదరనిస్తే అర నిమిషంలో అయ్యే పని కాదది.

మర్నాడు మళ్లీ 700 మంది దిగారు. మూడు రోజులకు 3536.