అట్టపెట్టెలోంచి లేచిన కాక్‌పిట్

యాంకర్: నమస్కారం. టేబుల్ మీద పీవీసీ పైపుకి బిగించిన ఈ స్టీరింగ్ లాంటిది విమానం యోక్ అట! కంప్యూటర్‌లో విమానం నడపడానికి ఇంట్లోనే కాక్‌పిట్, అంటే పైలట్ కూర్చునే గది, కట్టుకున్న సార్, ఆయనకు సాయపడ్డ వడ్రంగి మేస్త్రి, ఒక ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ మనతో ఉన్నారు. సార్, ఎంతయింది?

బిల్డర్: మా ఆవిడ చూస్తుంటుందండీ, లెక్క అడక్కండి. (నవ్వు) మొదటి ప్యానెల్‌కి మాత్రం పైసా కాలేదు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె కోసి, సెస్నా 172 అనే చిన్న విమానం ప్యానెల్ గీసి, నెల్లాళ్లు దాని ముందు కూర్చున్నా. మోకాలు ఎక్కడ తగులుతుందో అట్టతోనే తెలిసిపోయింది.

మేస్త్రి: తర్వాత సార్ 18 ఎంఎం ఎండీఎఫ్ చెక్క తెస్తా అన్నడు. అంత మందంల స్విచ్ మర బయటికే రాదు, నట్టు యాడ బిగియ్యాలె? 6 చాలన్న.

యాంకర్: మరి ఈ యోక్?

బిల్డర్: ముందుకీ వెనక్కీ జరగడానికి సొరుగులకు వేసే చానల్. మధ్యకు రావడానికి సైకిల్ ట్యూబు. యోక్ ఎంత కదిలిందో కొలవడానికి కోఠి గుజరాతీ గల్లీలో పొటెన్షియోమీటర్లు కొన్నా, రేడియో వాల్యూమ్ నాబ్‌లో ఉండేవే. ఆ కొలతను కంప్యూటర్‌కి పంపే చిన్న సర్క్యూట్ బోర్డు, ఆర్డ్యునో ఊనో పాత రకం, తొందరపడి కొన్నా. అది కంప్యూటర్‌కి నేరుగా జాయ్‌స్టిక్‌లా కనబడదు, లియోనార్డో లాంటి బోర్డు కావాలి. మళ్లీ గల్లీకి! అంతా అయ్యాక స్క్రీన్ మీద శంషాబాద్‌లో దిగబోతే, చెయ్యి కదపకుండానే ముక్కు పైకీ కిందికీ. చూస్తే, యోక్ మధ్యలో ఉన్నప్పుడు 512 దగ్గర నిలవాల్సిన పొటెన్షియోమీటర్ అంకె గంతులేస్తోంది. చివరికి దాని బదులు చిన్న అయస్కాంతం, దాని కదలికను తాకకుండానే పసిగట్టే హాల్ సెన్సర్ పెట్టా. రాపిడి లేదు, అరగదు.

ఇన్‌స్ట్రక్టర్: బాగుంది కానీ ట్యూబు ఎప్పుడూ ఒకేలా లాగుతుంది. అసలు విమానంలో వేగం పెరిగితే యోక్ బిగుసుకుంటుంది, తగ్గితే మెత్తబడుతుంది. పైగా ఈ గంటలు లైసెన్స్‌కి లెక్కలోకి రావు.

బిల్డర్: లైసెన్స్ ఎవరడిగారండీ?

ఇన్‌స్ట్రక్టర్: కోప్పడకండి, చెక్‌లిస్ట్ అలవాటుకి ఇది మంచిదే. అసలు 1929లో ఎడ్విన్ లింక్ పైలట్ల శిక్షణకు చేసిన ట్రైనర్ యంత్రం కూడా వాళ్ల నాన్న ఆర్గాన్ వాద్యాల ఫ్యాక్టరీ తిత్తులతో కదిలిందే. మన హార్మోనియం తిత్తికి చుట్టమే అనుకోండి.

యాంకర్: నేనొకసారి లాగి చూడనా?

మేస్త్రి: జర మెల్లగ మేడం. ట్యూబు నిన్ననే మార్చినం.